పాత ఇంట్లో ధ్యాన మందిరం: పడగొట్టే ముందు ఒక మాట

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గరలో, పెద్ద రోడ్డుకు వంద అడుగుల లోపలి సందులో, మీ తాతగారి నాటి ఇల్లు ఉంది. స్థలం 180 గజాలు. సందు వైపు 30 అడుగులు, లోపలికి 54 అడుగులు. ముందు రెండు అర్రలు, అంటే గదులు, నడుమ వేపచెట్టున్న వాకిలి, వెనుక రాతి గోడల పెద్ద అర్ర ఉన్నాయి. దక్షిణాన ఒక ఇల్లు దాటితే ఫంక్షన్ హాలు. ఇదంతా పడగొట్టి మూడంతస్తులు కట్టి, పై అంతస్తులో ఇరవై ఐదు మంది కూర్చునే ధ్యాన మందిరం పెడితే రోడ్డు రొద తగ్గుతుందా, కిటికీలకు ఎంత మందం అద్దం పెట్టాలి, గోడలకు సౌండ్‌ప్రూఫ్ ప్యానెళ్లు ఏవి మంచివి అని అడిగారు.

నేను ఇరవై ఆరేళ్లుగా నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఇళ్ల నిర్మాణం పనిలో ఉన్నాను. అందులో నాలుగు యోగ, ధ్యాన మందిరాలు చేశాను. మూడు బాగా వచ్చాయి, ఒకటి చెడింది. ఆ చెడిన దాని నుంచి నేర్చుకున్నదే ఈ సమాధానంలో ఎక్కువగా కనిపిస్తుంది. మీ మూడు ప్రశ్నలకూ కలిపి నా జవాబు ఒకటే: ఇల్లు పడగొట్టకండి. మీకు కావలసింది ఎత్తు కాదు, లోతు. ఆ లోతు మీ స్థలంలో ఇప్పటికే ఉంది.

పై అంతస్తుకు పోతే శబ్దం తగ్గుతుందన్నది చాలామందికి ఉన్న నమ్మకం. రోడ్డుకు మీ ఇల్లు వంద అడుగుల దూరంలో ఉంటే, ముప్పై అడుగులు పైకి ఎక్కినప్పుడు ఆ దూరం 104 అడుగులు అవుతుంది, అంతే. ఒక్క హారన్ వంటి ఒంటరి శబ్దం దూరం రెట్టింపు అయితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రోడ్డు పొడవునా సాగే వాహనాల రొద అయితే 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. మన చెవికి శబ్దం సగమైనట్టు తోచాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. నాలుగు అడుగుల దూరం పెరగడం వల్ల ఇందులో ఏదీ జరగదు. జరిగేది దీనికి విరుద్ధం. ఇప్పుడు మీ ఇంటికీ రోడ్డుకూ నడుమ ఉన్న దుకాణాల వరుస మీ వెనుక అర్రకు అడ్డుగోడలా నిలబడి ఉంది. మూడో అంతస్తు నుంచి చూస్తే ఆ దుకాణాల పైనుంచి రోడ్డు అటు చివర నుంచి ఇటు చివర వరకు కనిపిస్తుంది. రోడ్డు కనిపించే చోటికి దాని రొద కూడా నేరుగా వస్తుంది. దీనికి తోడు మే నెలలో నల్లగొండ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. పాదరసం 44 డిగ్రీలు దాటిన రోజున పై కప్పు కింద కూర్చున్నవారు శ్వాసను గమనించరు, గడియారాన్ని గమనిస్తారు.

వెనుక అర్ర మీద నాకు ఇంత నమ్మకం ఎందుకో చెబుతాను. మీరు పంపిన కొలతల ప్రకారం దాని గోడలు ఇరవై అంగుళాల మందం ఉన్నాయి. శబ్దాన్ని ఆపేది ముఖ్యంగా బరువు. అర మీటరు మందం రాతి గోడ చదరపు మీటరుకు దాదాపు టన్ను బరువు ఉంటుంది. ఈ రోజుల్లో కట్టే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరుతో కలిపినా 250 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. బజారులో దొరికే నురుగు ప్యానెళ్లు గది లోపలి మారుమోతను తగ్గిస్తాయే తప్ప బయటి శబ్దాన్ని ఆపవు, ఎందుకంటే వాటికి బరువు లేదు. ఈ రెండు పనులూ వేరని తెలియక డబ్బు పోగొట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను. మీ తాతగారు కట్టిన గోడకు సాటి వచ్చే గోడను ఈ రోజు కొత్తగా కట్టాలంటే మీరు అనుకున్న ఖర్చులో ఎక్కువ భాగం దానికే పోతుంది.

మన జిల్లా పక్కనే దీనికి పాత ఆధారం ఉంది. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలం నాటి విహారాలను జలాశయం నిండకముందు 1954 నుంచి 1960 వరకు తవ్వి చూశారు. వాటి నేలపటాలు చూస్తే ఒక పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: నడుమ స్తంభాల మండపం, దాని చుట్టూ భిక్షువుల చిన్న చిన్న గదులు, ఆ గదుల తలుపులన్నీ లోపలికే. బయటి ప్రపంచానికి వారు చూపింది వట్టి గోడ. పైగా అవి మనుషులకు దూరంగా అడవిలో కట్టినవి కావు, రాజధాని విజయపురి పక్కనే కట్టినవి. బింబిసారుడు బుద్ధునికి వేణువనం ఇచ్చే ముందు, ఊరికి మరీ దూరమూ మరీ దగ్గరా కాని, వచ్చిపోవడానికి వీలైన, రాత్రి సద్దు లేని చోటు ఏదని ఆలోచించినట్టు బౌద్ధ వాఙ్మయం చెబుతుంది. పట్టణం అంచున ధ్యానం ఎలా అన్న మీ ప్రశ్న అప్పటి నుంచీ ఉన్నదే. మీ ఇంటి నేలపటం కూడా దాదాపు అదే పద్ధతి: ముందు అర్రలు రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డాయి, వాకిలి నడుమ ఉంది, పెద్ద అర్ర దానివైపు తెరుచుకుంటుంది.

కాబట్టి నేనైతే ముందు అర్రల్లో ఒకదాన్ని చెప్పులు, ఫోన్లు, సంచులు పెట్టే చోటుగా, రెండోదాన్ని వంటకు, ఇద్దరు మాట్లాడుకోవడానికి ఉంచుతాను. సందు వైపు ఉన్న వాటి కిటికీలు తీసివేసి రాతితో మూసేస్తాను. వాకిలిని ఏమీ చేయను. వెనుక అర్రను మందిరం చేస్తాను. సందు నుంచి ఆసనం వరకు మనిషి నడిచే దారి రెండు మలుపులు తిరగాలి, తిన్నగా ఉండకూడదు. తిన్నగా ఉన్న దారిలో చూపూ శబ్దమూ రెండూ మనిషి వెంటే లోపలికి వస్తాయి. మొదటి అర్రలో ఎడమకు, వాకిట్లో వేపచెట్టు చుట్టూ కుడికి తిరగనివ్వండి. బయట సిమెంటు, తరువాత షాబాద్ బండ, వేపచెట్టు కింద మట్టి నేల, మందిరంలో మళ్లీ బండ మీద చాప. అరికాలికి నాలుగు రకాల నేల తగులుతుంది. ఇది అలంకారం కోసం చెప్పడం లేదు. మహబూబ్‌నగర్‌లో చేసిన ఒక చోట దారి పొడవు నలభై అడుగులే అయినా, వచ్చినవారు మందిరం తలుపు చేరేసరికి మాటలు వాటంతట అవే ఆగిపోవడం నేను వాకిట్లో నిలబడి చూశాను. అక్కడ నిశ్శబ్దం పాటించమన్న బోర్డు కూడా లేదు.

ఇక తలుపు. గోడ ఎంత మంచిదైనా శబ్దం చిన్నపాటి ఖాళీలోంచి వస్తుంది. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు తలుపు కింద అర అంగుళం సందు ఉందనుకోండి. అది తలుపు విస్తీర్ణంలో నూటికి ఒక వంతు కూడా కాదు, 0.6 శాతం. అయినా ఆ తలుపును మీరు టేకుతో చేయించినా ఇనుముతో చేయించినా 22 డెసిబెల్స్‌కు మించి శబ్దాన్ని ఆపలేదు. మన పాత ఇళ్లకు గడప ఉండేది. తలుపు రెక్క దాన్ని ఆనుకుని మూసుకునేది. కొత్త ఇళ్లలో ఊడ్చడానికి అడ్డమని గడప తీసేశారు. మీ వెనుక అర్రకు ఆ గడప ఇంకా ఉంది కనుక దాన్ని కాపాడుకోండి. రెక్కకు మూడు వైపులా రబ్బరు బీడింగ్ వేయించి, గడపకు ఆనే చోట కూడా ఒక పట్టీ బిగించండి. పని అయిన తరువాత రాత్రి పూట లోపల లైటు ఆర్పి, బయట టార్చి పట్టి చూడండి. వెలుతురు గీత కనిపించిన చోటల్లా శబ్దానికి దారి ఉన్నట్టే. కిటికీలకు మీరు అడిగిన అద్దం మందం కన్నా రెండు అద్దాల నడుమ ఖాళీ ముఖ్యం. మీ గోడ ఇరవై అంగుళాలు ఉంది కనుక బయటి అంచున పాత చెక్క రెక్కలు అలాగే ఉంచి, లోపలి అంచున అద్దంతో రెండో జత రెక్కలు పెట్టించండి. మధ్యలో వచ్చే ఆ అడుగు ఖాళీని ఏ కంపెనీ డబుల్ గ్లాస్ కిటికీ ఇవ్వలేదు.

ఇక్కడే నేను చెడగొట్టిన పని గురించి చెప్పాలి. సుమారు పన్నెండేళ్ల క్రితం మహబూబ్‌నగర్‌లో ఒక దుకాణాల సముదాయం పైన మూడో అంతస్తులో ధ్యాన మందిరం చేసి పెట్టాను. కిటికీలన్నీ మూసి, సందులన్నీ పూడ్చి, రెండు ఏసీలు పెట్టాం. మొదటి రోజు ముప్పై మంది కూర్చున్నారు. ముప్పావు గంట తరువాత గంట మోగితే సగం మంది కదలలేదు. యజమాని నా చెయ్యి పట్టుకుని, చూశారా ఎంత లోతుకు పోయారో అన్నారు. నేనూ పొంగిపోయాను. వారం రోజుల తరువాత ముందు వరుసలోని పెద్దాయన ఒకరు గురక పెట్టడంతో నాకు అనుమానం వచ్చింది. తెలిసిన వారి దగ్గర కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు తెచ్చి పెట్టి చూస్తే విషయం తేలింది. వారు లోతుకు పోలేదు, నిద్రపోయారు. గాలి లేని గదిలో మనిషికి వచ్చేది మత్తే.

ఈ లెక్క మీ అర్రకు వేసి చూపిస్తాను. 20 అడుగులు, 16 అడుగులు, ఎత్తు 11 అడుగులు అన్నారు. అంటే వంద ఘనపు మీటర్ల గాలి. కదలకుండా కూర్చున్న మనిషి గంటకు దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. పన్నెండు మంది కూర్చుంటే 216 లీటర్లు. సందులన్నీ మూసిన గదిలో ముప్పావు గంటకే పది లక్షల వంతుల్లో 1600 వంతులు పెరుగుతుంది. బయటి గాలిలో ఇప్పటికే 420 ఉంటుంది కనుక మొత్తం 2000 దాటుతుంది. వెయ్యి దగ్గర ఆపాలంటే మనిషికి గంటకు 30 ఘనపు మీటర్ల చొప్పున, పన్నెండు మందికి 360 ఘనపు మీటర్ల కొత్త గాలి లోపలికి రావాలి. మీరు చెప్పిన ఇరవై ఐదు మందికైతే ఇది రెండింతలకు పైగా పోతుంది. అందుకే ఈ అర్రకు పన్నెండు మందే సరి అంటున్నాను. ఏసీ ఈ పని చేయదు. లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది.

గాలి వచ్చే దారిలో శబ్దమూ వస్తుంది కదా అని మీరు అడుగుతారు. నిజమే, ఈ పనిలో అసలు చిక్కు ఇదే. దీనికి దారి ఏమిటంటే, గాలి మలుపులు తిరిగి పోగలదు, శబ్దం ప్రతి మలుపులోనూ కొంత నష్టపోతుంది. ప్లైవుడ్‌తో ఏడెనిమిది అడుగుల పొడవు పెట్టె చేయించి, దాని లోపల నాలుగు వైపులా రెండు అంగుళాల రాక్‌వూల్ (రాతి పీచు దూది) వేసి పలుచని గుడ్డతో కప్పి, లోపల రెండు చోట్ల అడ్డ పలకలతో వంకర దారి చేయించండి. లోపల గాలి పోయే ఖాళీ కనీసం తొమ్మిది అంగుళాలకు తొమ్మిది అంగుళాలు ఉండాలి. అంతకన్నా ఇరుకైతే గాలే ఈలలు వేస్తుంది. ఇటువంటిది ఒకటి గాలి రావడానికి వాకిలి వైపు కిందుగా, వేపచెట్టు నీడ తగిలే చోట. ఇంకొకటి గాలి పోవడానికి ఎదుటి గోడకు పైన. ఫ్యాన్‌ను గదిలో పెట్టవద్దు. రెండో పెట్టె బయటి చివర, గోడకు తగలకుండా రబ్బరు దిమ్మల మీద పెట్టండి. పెట్టెల నోళ్లకు జాలీ తప్పనిసరి. లేకపోతే మూడు నెలల్లో పావురాలు అందులో సంసారం పెడతాయి, వాటి కూతకు ఏ రాక్‌వూల్ కూడా చాలదు.

కప్పు సంగతి త్వరగా ముగిస్తాను. గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన కప్పు అని రాశారు. బండల అతుకుల్లో సున్నం రాలిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ డంగు సున్నంతో నింపించి, పైన తేలికైన వేడి నిరోధక పొర వేసి, ఆ మీద తెల్ల సున్నం పూయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి 600 గజాలు, ఆపైన స్థలాల్లోని ఇళ్లకు ఇలాంటి కప్పును తప్పనిసరి చేసింది. మీది 180 గజాలే అయినా మీకు దాని అవసరం వారికన్నా ఎక్కువ.

బయటి శబ్దం ఆగిన తరువాత లోపలి శబ్దం వినిపించడం మొదలవుతుంది. ఈ అర్రలోకి పోయి ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. రాతి గోడ, బండ నేల, బండ కప్పు కనుక ఆ చప్పుడు దాదాపు నాలుగు సెకన్ల పాటు గదిలో తిరుగుతూ ఉంటుంది. ఒకరు దగ్గితే పన్నెండు మందీ దగ్గినట్టు వినిపిస్తుంది. దాన్ని సెకనులో పదింట ఎనిమిది వంతులకు, అంటే ఒక సెకనులోపు, తేవాలి. కూర్చున్న మనుషులే కొంత శబ్దాన్ని పీల్చుకుంటారు, చాపలు మరికొంత. మిగిలిన దానికి మనవారి గొంగడిని మించినది నాకు ఇంతవరకు దొరకలేదు. పాలమూరు వైపు కురుమలు దక్కనీ నల్ల గొర్రెల ఉన్నితో నేసే గొంగడి దట్టంగా, బిరుసుగా, వేలితో నొక్కితే మళ్లీ పైకి లేచేలా ఉంటుంది. అటువంటివి 215 చదరపు అడుగుల మేర రెండు పక్క గోడల మీద వేలాడదీయండి. గోడకు అతికించవద్దు. నాలుగు అంగుళాలు ఎడంగా చెక్క పట్టీలకు కట్టండి, ఎందుకంటే ఆ నాలుగు అంగుళాల ఖాళీ వల్లనే లావు గొంతు శబ్దాలను కూడా అది కొంత పట్టుకుంటుంది. కొత్త గొంగడిని పది రోజులు ఎండలో ఆరేయండి. లేకపోతే మొదటి నెలంతా మందిరంలో గొర్రెల మంద వాసన వస్తుంది. మొదటిసారి నేను ఆరేయకుండా కట్టించి మాట పడ్డాను. ఆ తరువాత మళ్లీ చప్పట్లు కొట్టండి. గణగణమన్న చప్పుడు పోయి, పొడిగా టప్‌మని ఆగుతుంది. ఉన్నికి పురుగు పట్టకుండా ఏటా వేసవిలో దించి ఎండబెట్టాలి. గొంగడి ఎక్కువ రోజులు బతకాలంటే ఇంట్లోవారు ఎప్పుడూ చేసింది అదే కదా.

వాకిట్లో నీటి సవ్వడి పెడితే ఎలా ఉంటుందని కూడా ఒక మాట అన్నారు. పెట్టవచ్చు, కానీ దాని నుంచి ఎంత ఆశించాలో తెలుసుకుని పెట్టండి. సన్నగా పడే నీటి చప్పుడు పక్కింటి మాటలను, గిన్నెల చప్పుడును కప్పుతుంది. లారీ ఇంజను గుడగుడను, ఫంక్షన్ హాలు డీజే దరువును కప్పలేదు, ఎందుకంటే వాటిది చాలా లావు శబ్దం. పాత రాతి తొట్టి ఒకటి సంపాదించి, అడుగు ఎత్తు నుంచి నీరు నీటిలోనే పడేలా పెట్టండి. బండ మీద పడితే చిరచిరమంటుంది. మన బోరు నీటితో అయితే రెండు మూడు నెలల్లో తొట్టి అంచులకు తెల్లని పొక్కు కడుతుంది, వాన నీరు పట్టుకోగలిగితే మేలు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చే వరకు వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికి ఒకసారి తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి తోమండి.

ఫంక్షన్ హాలు గురించి దాపరికం లేకుండా చెబుతాను. డీజే పెట్టెల దరువులో అలల పొడవు మీటర్లలో ఉంటుంది. దాన్ని ఆపాలంటే మీ స్థలంలో సగం గోడలకే పోతుంది. దీనికి మందు క్యాలెండరులో ఉంది. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. వ్యాపార ప్రాంతంలో శబ్దం పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్ దాటకూడదు. వ్యవహారంలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పెళ్లి వారితో పోట్లాడి మౌనం సంపాదించిన వారిని నేను చూడలేదు. నెల మొదట్లో హాలు మేనేజరు దగ్గరికి పోయి బుకింగులు ఉన్న తేదీలు రాసుకోండి. పూర్తి రోజు మౌన శిబిరాలు ఆషాఢంలో, మూఢాల్లో పెట్టుకోండి. ఫంక్షన్ హాలు పక్కన ఉన్నవారికి మూఢాలే మంచి రోజులు. మిగిలిన రోజుల్లో తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు వరకు కూర్చోండి. ఎండా ఉండదు, దరువూ ఉండదు. ఆ వేళ మసీదు అజాన్, గుడి సుప్రభాతం, పాల ఆటో వినిపిస్తాయి. వాటి గురించి బెంగపడవద్దు. ఏ వేళకు వస్తుందో తెలిసిన శబ్దానికి మనసు త్వరగా అలవాటు పడుతుంది. కుదిపేది ఎప్పుడు వస్తుందో తెలియని హారన్.

ఇంట్లో పుట్టే శబ్దాల మీదికి మాత్రం ఎవరి దృష్టీ పోదు. మధ్యాహ్నం భోజనానికి పప్పు కుక్కరులో పెట్టి మూడు విజిళ్లు వేయించారంటే అప్పటి వరకు చేసిన గోడలన్నీ వృథా. పన్నెండు మందికి గుండిలో, అంటే పెద్ద గిన్నెలో, వండటం ఏమంత కష్టం కాదు, రుచి కూడా మెరుగు. బోరు మోటారు, నీళ్ల ట్యాంకు నిండి పొర్లే చప్పుడు, కరెంటు పోగానే ఇన్వర్టరు చేసే కూత, గోడ గడియారం టిక్కుటిక్కు, పాత రెగ్యులేటరు మీద తిరిగే ఫ్యాన్ హమ్మింగ్, ఇవన్నీ కూర్చున్న పది నిమిషాలకు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఫోన్ల బుట్టను చెక్క అలమరలో పెట్టవద్దు. వైబ్రేషన్‌లో ఉన్న ఫోను చెక్క మీద ఎలా గర్జిస్తుందో రాత్రి పూట పెట్టి చూడండి. దాన్ని మడత పెట్టిన దుప్పటి మీద, మొదటి అర్రలోనే ఉంచండి. మరుగుదొడ్డి మందిరం గోడను ఆనుకుని ఉండకూడదు.

వెలుతురు విషయంలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఒక ఉదయం పోయి రండి, మీకు అయిదు కిలోమీటర్లు కూడా ఉండదు. మూడు గర్భాలయాలు ఒకే మండపం చుట్టూ ఉంటాయి. వాటిలో ఒకదానిలో లింగం వెనుక గోడ మీద స్తంభం వంటి నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. అందరూ ఆ నీడను చూసి ఆశ్చర్యపోతారు. మీరు వెలుతురును చూడండి. ఎండ నేరుగా లోపలికి రాదు. మండపం నేలకూ స్తంభాలకూ తగిలి, మెత్తబడి వస్తుంది. మీ మందిరానికి కావలసిన వెలుతురు అదే. వాకిలి గోడకు తెల్ల సున్నం వేస్తే ఉదయపు ఎండ దాని మీద పడి మెత్తగా లోపలికి వస్తుంది. లోపల పసుపు ఛాయ ఎల్‌ఈడీలు, 2700 కెల్విన్ అని రాసి ఉన్నవి, మనిషికి నేరుగా కనిపించకుండా గొంగళ్ల పట్టీల వెనుక పెట్టించండి. పాత ట్యూబ్‌లైటు ఒక్కటి ఉన్నా దాని చోక్ జుమ్ముమంటూనే ఉంటుంది.

ఖర్చు ఎలా పంచుకోవాలో నా అభిప్రాయం చెబుతాను. నూరు రూపాయల్లో ముప్పై తలుపు కిటికీలకు, ముప్పై కప్పుకు, ఇరవై గాలి పెట్టెలకు, పది గొంగళ్లకు చాపలకు పెట్టి, పది చేతిలో ఉంచుకోండి. పాలరాతి విగ్రహానికి, గ్రానైటు నేలకు, గోడ మీద పెద్ద అక్షరాలకు ఇప్పుడు ఏమీ పెట్టవద్దు. ఇల్లు కాస్తా పదిమంది వచ్చే చోటు అవుతున్నప్పుడు మున్సిపల్ కార్యాలయంలో ముందే అడిగి, కాగితం తీసుకోవడం కూడా మంచిది. పక్కింటివారు ఫిర్యాదు చేసిన తరువాత అడిగితే వేరే గొంతుతో జవాబు వస్తుంది.

డబ్బు ఖర్చు పెట్టే ముందు మీరు చేయవలసిన పనులు రెండున్నాయి. మొదటిది, వేరొకరు కట్టిన చోట కూర్చుని రావడం. హైదరాబాదు వనస్థలిపురం దగ్గర నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త విపశ్యన కేంద్రం 1976 నుంచి నడుస్తోంది. నగరం దాని చుట్టూ పెరిగిన తరువాత కూడా అక్కడ పది రోజుల మౌనం ఎలా సాగుతోందో చూడవచ్చు. సాగర్ దగ్గర ధమ్మ నాగజ్జున ఉంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా చేగూరులోని కాన్హా శాంతివనంలో 2020లో తెరిచిన మందిరంలో లక్ష మంది కూర్చోగలరు. అది మన లెక్కకు అందేది కాదు గాని, అంత మంది మధ్య దారులను, చెప్పుల చోటును ఎలా విడదీశారో చూడడానికి ఒక పూట పోయి రావచ్చు.

రెండోది, మీ వెనుక అర్రలో మీరే మూడు రోజులు కూర్చోవడం. ఒకటి మామూలు రోజు, ఒకటి ఆదివారం, ఒకటి ఫంక్షన్ హాలులో పెళ్లి ఉన్న రోజు. ఒక నోటుబుక్కు పెట్టుకుని తెల్లవారుజామున నాలుగున్నర నుంచి రాత్రి పది వరకు వినిపించిన ప్రతి శబ్దాన్ని, అది వచ్చిన వేళను, ఏ దిక్కు నుంచి వచ్చిందో దాన్ని రాయండి. ఫోనులోని శబ్దం కొలిచే యాప్ అంకెలు అంత కచ్చితం కావు, కానీ తలుపు తీసినప్పటికీ వేసినప్పటికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి సరిపోతాయి. ఆ పుస్తకం చూస్తే గాలి పెట్టె ఏ గోడకు పెట్టాలో, ఏ కిటికీ పూర్తిగా మూసేయాలో నేను దూరం నుంచే చెప్పగలను. ఈలోగా కప్పు గర్డర్లు గోడలో దిగిన చోట తుప్పు ఎంత పట్టిందో అనుభవం ఉన్న ఇంజనీరుకు చూపించండి. తుప్పు ఎక్కువగా తినేసిందని ఆయన చెబితే కప్పు మార్చక తప్పదు, అప్పుడు కూడా గోడల జోలికి పోకండి. పడగొట్టే కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే, దాన్ని ముందు గది కిటికీలు మూసే పనికి మళ్లించమని అడిగి చూడండి.